మిగిలిన గంట ఎవరిది?
(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



"పొద్దున లేచింది మొదలు చేస్తూనే ఉన్నా, పని తెమలటం లేదమ్మా" అనే మాట వినపడని ఇల్లుండదు. ఇవాళ ఆ తెమలని పని గురించే నాలుగు మాటలు చెప్పుకుందాం. తక్కువ వేళలో ఎక్కువ పని చేసుకునే ఉపాయాలు కొన్ని ఉన్నాయి, వాటిని చెబుతాను. అయితే అంతకన్న ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి ఉంది. అలా త్వరగా పని ముగిస్తే మనకు మిగిలేదేమిటి? అది తేల్చుకోకుండా ఎన్ని ఉపాయాలు నేర్చుకున్నా చిల్లికుండతో నీళ్లు మోసినట్టే.

ముందు మీ వంటింటి గట్టు వైపు ఒకసారి చూడండి. దాని మీద నల్లటి రాతిపలక పరిచి ఉంటే, బహుశా అది మా వైపు నుంచి వచ్చిందే. మా ఎర్రగుంట్ల చుట్టుపక్కల నాపరాయి తీస్తారు. కోసి, నునుపు పట్టి, లారీలకెక్కించి ఎక్కడెక్కడికో పంపుతారు. పై ఊళ్లవాళ్లు దాన్నే కడప బండ అంటారు. ఈ గట్లు రాకముందు మన అమ్మలు, అమ్మమ్మలు నేల మీద కూర్చొనే వండేవారు. ఉప్పుకోసం ఒకసారి, నీళ్లకోసం ఒకసారి, పూట వంట ముగిసేలోగా ఎన్నిసార్లు లేచి కూర్చునేవారో లెక్క లేదు. గట్టు వచ్చాక ఆ లేచి కూర్చోవటం తప్పింది. చేసే చోటు మారితే శ్రమ ఎంత మారుతుందో చెప్పటానికి ఇంతకన్న వేరే సాక్ష్యం ఎందుకు?

ఈ సంగతినే ఒక శాస్త్రంగా చేసినవారు అమెరికాలోని గిల్‌బ్రెత్ దంపతులు. భర్త ఫ్రాంక్ గిల్‌బ్రెత్ తాపీపనితో బ్రతుకు మొదలుపెట్టారు. ఒక ఇటుక పేర్చటానికి మేస్త్రీ 18 కదలికలు చేస్తున్నాడని గమనించి, వాటిని ఐదుకు దించారు. ఇటుకలు మేస్త్రీ వంగకుండా చేతికందే ఎత్తులో ఉంచటం అందులోని ముఖ్యమైన కిటుకు. 1924లో ఆయన పోయారు. భార్య లిలియన్ 12 మంది పిల్లల్ని కన్న తల్లి, పైగా ఇంజనీరు. ఆవిడ అదే లెక్కను వంటింట్లోకి తెచ్చారు. పొయ్యి ఎక్కడ, నీళ్లెక్కడ, సామాను ఎక్కడ, ఇల్లాలు ఎన్ని అడుగులు నడుస్తోంది అని కొలిచి, వంటిల్లు ఎలా అమర్చుకోవాలో చెప్పారు.

ఇక మనకు పనికొచ్చే ఉపాయాలకు వద్దాం.

మొదటిది చోటు. పొయ్యి, నీళ్ల తొట్టి, సరుకుల అర, ఈ మూడూ దగ్గర దగ్గరగా ఉండాలి. గట్టు ఎత్తు మీ మోచేతికి కాస్త దిగువగా ఉంటే భుజాలు లాగవు, నడుము వంగదు. రోజూ వాడేవి చేతికందే అరలో, పండగకు వాడేవి పై అరలో పెట్టుకోవాలి. ఇది మనకు తెలియని విద్యేమీ కాదు. మన పోపుల పెట్టె చూడండి. ఆవాలు, జీలకర్ర, మెంతులు, ఎండుమిరపకాయలు అన్నీ ఒక్క మూత కింద! దాన్ని కనిపెట్టిన మహాతల్లి ఎవరో గానీ, ఏ ఇంజనీరుకూ తీసిపోదు.

రెండవది జాబితా. రాత్రి పడుకోబోయే ముందు మరునాటి పనులు ఒక చీటీ మీద రాసుకోండి. ఐదారుకు మించవద్దు. వాటిలో తప్పనిసరి అయినది మొదట, వాయిదా వేయదగినది చివర. గ్యాసు బుక్ చేయాలి, కరెంటు బిల్లు కట్టాలి, పిల్లవాడి ఫీజు కట్టాలి అని మనసులో మోస్తూ ఉంటే ఆ మోతకే సగం అలసట. కాగితం మీదికి దించేస్తే నిద్రైనా పడుతుంది.

మూడవది ఒకే జాతి పనులు ఒకేసారి చేయటం. ఉగ్గానిలోకి పప్పుల పొడి, అన్నంలోకి కందిపొడి వారానికి సరిపడా ఒకే పూట కొట్టుకోవచ్చు. జొన్నలు మరకు పంపిన రోజే కారం మిరపకాయలూ పంపవచ్చు. బజారుకు రోజుకు మూడుసార్లు పోయే బదులు వారానికి రెండుసార్లు పోతే చాలు.

నాల్గవది గడియారం. ఇటలీ దేశంలో ఫ్రాంచెస్కో సిరిల్లో అనే విద్యార్థికి 1980ల చివరలో చదువు మీద మనసు నిలవలేదట. టమాటా ఆకారంలో ఉన్న వంటింటి గడియారం ఒకటి తెచ్చి, అది మోగేదాకా వేరే ధ్యాస పెట్టుకోకూడదని నియమం పెట్టుకున్నాడు. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విశ్రాంతి. ఇప్పుడు పెద్ద పెద్ద ఆఫీసులవాళ్లు దాన్ని టమాటా పద్ధతి అని నేర్చుకుంటున్నారు. చూశారా, వంటింటి గడియారం ఆఫీసుకెక్కింది! మనం కూడా బీరువా సర్దటం, లెక్కలు రాయటం లాంటి విసుగు పుట్టించే పనులకు దీన్ని వాడుకోవచ్చు. కాని ఒక మాట. ఆ 5 నిమిషాల విశ్రాంతిని మింగేసి 25 నిమిషాలను మాత్రం పట్టుకుంటే ఆ పద్ధతికి అర్థం లేదు.

ఇంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఇవన్నీ పాటించి రోజుకొక గంట మిగిల్చామనుకోండి. ఆ గంట ఎక్కడికి పోతుంది?

రోలు పోయి మిక్సీ వచ్చింది. అరగంట నూరే పచ్చడి ఐదు నిమిషాల్లో అయిపోతోంది. మరి తక్కిన ఇరవై ఐదు నిమిషాలు మన కొంగున ఉన్నాయా? లేవు. ఒక్క పచ్చడి ఉండేచోట రెండయ్యాయి. పెద్దవాళ్లకు ఇడ్లీ, పిల్లలకు దోసె, మధ్యలో ఇంకెవరికో చపాతీ అయ్యాయి. బట్టల మిషను వచ్చింది, ఒక్కపూట కట్టి విడిచిన బట్ట కూడా అందులోకే పోతోంది. ఆరవేయటం, మడత పెట్టటం మాత్రం మిషను చేయదు కదా!

ఇది మన ఇళ్లలోని వింతే కాదు. జోఆన్ వానెక్ అనే పరిశోధకురాలు అమెరికా ఇల్లాళ్ల పనిగంటలను లెక్కగట్టి 1974లో ఒక వ్యాసం ప్రకటించారు. ఉద్యోగం చేయని ఇల్లాలు 1920లలో వారానికి 52 గంటలు ఇంటిపని చేసేది. కుళాయిలు, కరెంటు, బట్టల మిషన్లు అన్నీ వచ్చిన తరువాత, 1960లలో, 55 గంటలు! బట్టలుతికే పనికి పట్టే సమయం తగ్గకపోగా పెరిగిందట.

మన దేశంలో జాతీయ గణాంక కార్యాలయం వారు ఎవరి కాలం దేనికి ఖర్చవుతోందో 2019లో లెక్క తీశారు. ఇంటిపని చేసే ఆడవారు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు, చేసే మగవారు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. 2024లో మళ్లీ లెక్క తీస్తే ఆడవారివి 289, మగవారివి 88 అయ్యాయి. ఐదేళ్లలో ఇన్ని వసతులు పెరిగినా మనకు తగ్గింది రోజుకు పది నిమిషాలు. మగవారికేమో, అంత తక్కువ చేసేవారికి కూడా, తొమ్మిది నిమిషాలు తగ్గింది!

మా ఊళ్లో సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. షిఫ్టు ముగిసిందంటే అందులో పనిచేసేవారు ఇంటిముఖం పడతారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కార్మికుడికి వారానికి 48 గంటలని హద్దు గీసింది, వారానికొక సెలవు ఇమ్మంది, హద్దు దాటితే రెట్టింపు కూలి ఇమ్మంది. కాని ఏ షిఫ్టుకు పోయే భర్తకైనా క్యారియర్ కట్టే ఇల్లాలికి షిఫ్టు దిగే వేళంటూ లేదు. హద్దు లేని పనిలో వేగం పెంచితే పని తరగదు. వేగంగా చేసే చేతికి ఇంకో పని వచ్చి చేరుతుంది. "ఆమెదేముందిలే, చిటికెలో చేసేస్తుంది" అనే మెప్పు వెనుక వచ్చేది మరో చాకిరీయే.

అయితే ఉపాయాలు వద్దా? వద్దనటం లేదు. కాని గంటను మిగిల్చే ముందే ఆ గంటకు పేరు పెట్టండి. జీతం రాగానే బియ్యానికింత, అద్దెకింత అని విడదీసి పెడతాం కదా, అదే మాదిరి. "మధ్యాహ్నం రెండు నుంచి మూడు నేను కుట్టుమిషను మీద కూర్చుంటాను" అనుకోవచ్చు. ఆగిపోయిన చదువును ఓపెన్ స్కూలులో కట్టి పదవ తరగతి పూర్తి చేయవచ్చు. నవల చదువుకోవచ్చు. ఏమీ చేయకుండా నడుము వాల్చనూ వచ్చు. ఎండాకాలం మా కడప జిల్లా మధ్యాహ్నాల్లో అంతకన్న మంచి పని లేదు! ఏదైనా సరే, ముందు దానికొక పేరుండాలి. పేరులేని గంటను ఎవరైనా వచ్చి పట్టుకుపోతారు.

రెండవది, ఆ సంగతి ఇంట్లో అందరికీ చెప్పాలి. మనసులో పెట్టుకొని ఉంటే ఎవరికీ తెలియదు. "ఆ గంటలో కాఫీ కావాలంటే మీరే కలుపుకోండి" అని నవ్వుతూనే చెప్పవచ్చు.

మూడవది, పనిని వేగంతో కాదు, పంపకంతో తగ్గించాలి. మన రెండు చేతులూ ఎంత చురుగ్గా కదిలినా రెండే చేతులు. తిన్న కంచం కడిగి పెట్టటం, నీళ్ల సీసాలు నింపటం, ఆరిన బట్టలు మడవటం, ఇవి కొడుకుకైనా కూతురికైనా పదేళ్ల వయసులోనే అలవాటు చేయవచ్చు. ఆడపిల్లకే నేర్పి మగపిల్లవాణ్ణి వదిలేస్తే, ఆ 289కీ 88కీ మధ్య ఉన్న దూరాన్ని మనమే ఇంకో తరానికి అప్పజెప్పినట్టు.

నాల్గవది, కొన్ని పనులను పూర్తిగా మానటం. ఎవరూ తినని మూడో పచ్చడి, ఎవరూ చూడని ఇస్త్రీ మడత మానితే కొంపేమీ మునగదు.

అదే సమయంలో, తొందరపడకూడని పనులూ ఉన్నాయి. బడి నుంచి వచ్చిన పిల్లవాడు చెప్పే కబుర్లను గడియారం పెట్టుకొని వినలేం. అత్తగారి కాళ్లకు నూనె రాస్తూ మాట్లాడే మాటల్లో పొదుపు చేయవలసిందేమీ లేదు. అక్కడ ఖర్చుపెట్టటానికే కదా, ఇంకోచోట మిగుల్చుకునేది!

ఇంటిపనికి విలువ లేదనే మాటను మన న్యాయస్థానాలు కూడా ఒప్పుకోవటం లేదు. 2021 జనవరిలో ఒక రోడ్డు ప్రమాదం కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినప్పుడు, మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి.రమణగారు ఈ కాలపు లెక్కలనే ఎత్తిచూపి, గృహిణి పని చేయదనుకోవటం పొరపాటని, ఆమె శ్రమకు వెల కట్టవలసిందేనని రాశారు. కోర్టు గుర్తించిన విలువను మనం మన సమయానికి ఇవ్వకపోతే ఎలా?

గిల్‌బ్రెత్ దంపతులు అలసట గురించి 1916లో ఒక పుస్తకం రాశారు. కదలికలు తగ్గించి కాలం ఆదా చేయటమే పనిగా పెట్టుకున్న ఆ మనుషులు కూడా, మిగిలినదాన్ని చివరకు "సంతోషపు నిమిషాల"తో కొలవాలన్నారు. ఎన్ని ఇటుకలు పేర్చామన్నదొక్కటే కాదు, ఎన్ని నిమిషాలు సంతోషంగా గడిపామన్నది లెక్క.

కాబట్టి ఈ రాత్రి మీరు రేపటి చీటీ రాసుకునేటప్పుడు పనుల జాబితాకు పైన ఒక గీత ఖాళీ ఉంచండి. అందులో మీకోసం ఒక గంట, దానికొక పేరు రాయండి. దాని కింద తక్కిన పనులు రాసుకుందాం.

సెలవు.