ఓనరు పలకనప్పుడు రిపేరు సంగతి

అద్దె ఇంటి గోడ మీద చెమ్మ మరక కనిపిస్తుంది. ఫోటో తీసి ఓనరుకు వాట్సాప్ చేస్తారు. చూసినట్టు నీలం టిక్కులు పడతాయి గానీ జవాబు రాదు. ఫోన్ చేస్తే "చూద్దాంలెండి, ప్లంబర్‌ని పంపిస్తా" అంటారు. మరక పెరుగుతుంది, పెచ్చులూడటం మొదలవుతుంది, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం కూడా మానేస్తారు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో అద్దెకుండేవాళ్లలో వానాకాలం వచ్చేసరికి ఈ బాధ చెప్పనివాళ్లు తక్కువ. కొందరు ఓర్చుకుంటారు. కొందరు విసిగిపోయి అద్దె కట్టడం ఆపేస్తారు. ఈ రెండూ అద్దెకున్నవాళ్లకే నష్టం. చట్టం వాళ్లకి ఇచ్చింది తక్కువే అయినా బొత్తిగా లేకపోలేదు. దాన్ని వాడుకోవాలంటే చేసే పనులు ఒక వరసలో చేయాలి.

ముందు నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తేల్చుకోవాలి. ఓనరుతో మాట్లాడకముందే చేయాల్సిన పని ఇది. బాత్రూమ్ పైకప్పు తడుస్తోందనుకుందాం. పై ఫ్లాటువాళ్లు ఊరెళ్లినప్పుడు ఆరిపోయి, వాళ్లు తిరిగి రాగానే మళ్లీ తడిస్తే, లోపం వాడిన నీళ్లు బయటికి పోయే దారిలో ఉన్నట్టు. నేల మీది నీళ్లు పోయే నహానీ ట్రాప్ చుట్టూ, టైల్స్ సందుల్లో, కమోడ్ కింద జాయింటులో వెతకాలి. పైన మనుషులున్నా లేకపోయినా రేయింబవళ్లు ఒకేలా చెమ్మగా ఉంటే ట్యాంకు నుంచి దిగే పైపును అనుమానించాలి, ఎందుకంటే అందులో నీటి ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది. వాన పడినప్పుడే తడిస్తే బయటి గోడ పగుళ్లో, టెర్రస్ వాటర్‌ప్రూఫింగో కారణం.

ఒక్కో జవాబుకు బాధ్యులు వేరు. మొదటిదానికి పై ఫ్లాటు ఓనరును కదిలించాలి. రెండోదానికి, పైపు మీ ఫ్లాటు గోడలోదైతే మీ ఓనరే, అందరికీ నీళ్లు తెచ్చే పెద్ద పైపైతే అపార్ట్‌మెంట్ అసోసియేషన్. టెర్రస్, బయటి గోడలు మామూలుగా అందరి ఉమ్మడి ఆస్తి కాబట్టి ఆ పని కూడా అసోసియేషన్‌దే. ఓనరు మౌనానికి చాలాసార్లు మూలం ఇక్కడే ఉంటుంది. లీకు తన ఫ్లాటులో లేదు, పై ఫ్లాటాయనతో తగువు పెట్టుకోవడం ఇష్టం లేదు, అసోసియేషన్ మీటింగుకు వెళ్లే తీరిక లేదు. ఆయనుండేది డల్లాస్‌లోనైతే, ఇక్కడి వ్యవహారాలు గుంటూరులో ఉన్న వాళ్ల నాన్నగారు చూస్తుంటే, ఒక చిన్న నిర్ణయానికి కూడా ముగ్గురు మాట్లాడుకోవాలి. ఇవేవీ ఆయన బాధ్యతను తగ్గించవు. కానీ "గోడ తడుస్తోంది" అని పంపిన ఫోటోకు పలకని మనిషి, ఏ పైపు పగిలిందో, ఎంతవుతుందో ప్లంబర్ రాసిచ్చిన ఎస్టిమేట్ పంపితే పలకడం నేను చూశాను.

ఇక చట్టం మాట. మనదగ్గర అద్దె ఒప్పందాలకు ఆధారం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. అందులో 108వ సెక్షన్ ఇంటి యజమానికీ అద్దెదారుకూ ఉండే హక్కులు, బాధ్యతలు చెబుతుంది. యజమాని చేయించి తీరాల్సిన రిపేరును, నోటీసు ఇచ్చాక కూడా తగిన గడువులో చేయించకపోతే, అద్దెదారు తానే చేయించుకుని, ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. మనకు అక్కరకొచ్చే వాక్యం ఇదే. కానీ ఇందులో "చేయించి తీరాల్సిన" అన్న షరతు ఉంది. ఏ రిపేరు ఎవరిదో ఈ చట్టం జాబితా ఇవ్వదు. ఒప్పందమో స్థానిక ఆచారమో వేరేలా ఉంటే వాటినే నిలబెడుతుంది. అందుకే అగ్రిమెంటులో రిపేర్ల గురించి రాసిన ఒకటి రెండు వాక్యాలు మిగతా పేజీలన్నిటికంటే ముఖ్యం.

ఆ పేజీలు చదవకుండా సంతకం చేయడం మనకు అలవాటైపోయింది. రిజిస్ట్రేషన్ తప్పించుకోవచ్చన్న ఉద్దేశంతో చాలామంది 11 నెలలకే రాసుకుంటారు. స్టాంపు పేపర్లు అమ్మేచోట కంప్యూటర్లో ఎప్పుడో టైపు చేసి పెట్టుకున్న నమూనాలో పేర్లు మార్చి ప్రింటు తీస్తారు. అందులో "చిన్న రిపేర్లు అద్దెదారువి" అని ఉంటుంది, ఏది చిన్నదో ఉండదు. సంతకానికి ముందే రాయించుకోవాల్సిన మాటలు నాలుగైదు ఉన్నాయి: గోడలోని పైపులు, లోపలి వైరింగు, పైకప్పు, సీపేజీ ఓనరు బాధ్యత; రాసి చెప్పిన ఇన్ని రోజుల్లో చేయించకపోతే అద్దెదారు చేయించుకుని అద్దెలో సర్దుకోవచ్చు.

చిన్నదేది పెద్దదేది అన్న వాదన వచ్చినప్పుడు పట్టుకోవడానికి ఒక కొలత ఉంది. కేంద్ర ప్రభుత్వం 2021లో నమూనా అద్దె చట్టం ఒకటి ఆమోదించింది. రాష్ట్రం తనదిగా చట్టం చేసుకుంటేనే అది అమలవుతుంది. దాని షెడ్యూలులో పనులు పంచి రాశారు. కట్టడానికి సంబంధించిన రిపేర్లు, గోడలకు సున్నం, తలుపులకు కిటికీలకు రంగు, అవసరమైనప్పుడు పైపుల మార్పిడి, లోపలా బయటా వైరింగు యజమానికి. కుళాయిలు, వాటి వాషర్లు, డ్రెయిన్ శుభ్రం చేయించడం, స్విచ్చులు, సాకెట్లు, తాళాలు, కిటికీ అద్దాలు, గీజర్ రిపేరు అద్దెదారుకు. గీజర్ తమ వంతు అని తెలిస్తే చాలామంది ఆశ్చర్యపోతారు. ఈ జాబితా మీ రాష్ట్రంలో చట్టం కాకపోయినా, ఓనరుతో మాట్లాడేటప్పుడు ముందు పెట్టదగ్గ న్యాయమైన పంపకం ఇదేనని నా అభిప్రాయం.

నోటీసు అంటే వకీలు పంపేదే కానక్కర్లేదు. మర్యాదగా, తేదీలతో, గడువుతో రాసిన ఉత్తరం చాలు. ఇలా రాయొచ్చు:

"నమస్కారమండీ. వంటింటి గోడలోని పైపు జూన్ 10 నుంచి కారుతోంది. ఫోటోలు, వీడియో జత చేశాను. జాయింటు విరిగిందని ప్లంబర్ చెప్పారు. ఎస్టిమేట్ 6,500 రూపాయలు, కాగితం జత చేశాను. అగ్రిమెంటు ప్రకారం ఇది మీరు చేయించాల్సిన పని. దయచేసి ఈ నెల 30 లోపు చేయించండి. మీ మనిషి ఎవరొచ్చినా పని చేయనిస్తాను. అప్పటికీ కాకపోతే నేనే చేయించి, బిల్లు మీకు పంపి, వచ్చే అద్దెలో ఆ మొత్తం మినహాయించుకుంటాను."

దీన్ని వాట్సాప్‌లో, ఈమెయిల్‌లో పంపి, అగ్రిమెంటులోని చిరునామాకు పోస్టులో కూడా పంపాలి. సరైన చిరునామాకు రిజిస్టర్ చేసి పంపిన ఉత్తరాన్ని తీసుకోకుండా తిప్పికొట్టినా, అందినట్టే భావించే వీలు చట్టంలో ఉంది. పోస్టాఫీసు రసీదు దాచుకోండి. వాట్సాప్ మెసేజులు కూడా సాక్ష్యంగా చెల్లుతాయి, కాకపోతే కోర్టులో వాటికి ఒక సర్టిఫికెట్ జతచేయాలి. కాబట్టి చాట్ చెరపొద్దు, ఫోన్ మార్చేటప్పుడు జాగ్రత్త. ఫోన్లో మాట్లాడుకున్నదాన్ని వెంటనే "ఇందాక మీరు ఆదివారం ప్లంబర్‌ని పంపుతానన్నారు" అని ఒక్క ముక్క రాసి పంపడం మంచి అలవాటు.

గడువు దాటాక చేయించే రిపేరు, చెప్పిన పనికే పరిమితం కావాలి. విరిగిన జాయింటు బాగు చేయించే వంకతో కొత్త సింకు పెట్టించి ఆ ఖర్చూ అద్దెలో కోస్తే న్యాయం ఓనరు పక్షానికి వెళ్తుంది. ఖర్చు పెద్దదైతే నెలకు కొంచెం చొప్పున సర్దుకోవడం మేలు. నమూనా చట్టం కూడా ఒక నెలలో అద్దెలో సగానికి మించి కోయొద్దంటుంది. మిగతా అద్దె తేదీకి బ్యాంకు ద్వారానే కట్టాలి. అద్దె పూర్తిగా ఆపిన రోజున మాట మారిపోతుంది. అప్పటిదాకా రిపేరు చేయించని ఓనరు గురించి నడిచిన వ్యవహారం, అద్దె ఎగ్గొట్టిన అద్దెదారు గురించి అవుతుంది, ఇల్లు ఖాళీ చేయించడానికి అదే కారణంగా చూపిస్తారు. లీకు పై ఫ్లాటులో ఉంటే ఈ దారి అసలు పనికిరాదు. ఆ ఇంటి బాత్రూమ్ తవ్వే హక్కు మీకు లేదు. అప్పుడు పై ఫ్లాటు ఓనరుకూ అసోసియేషన్‌కూ రాయమని మీ ఓనరుకు ఉత్తరం రాసి, దాని నకలు అసోసియేషన్‌కు మీరే ఇవ్వాలి.

ప్రాణం మీదికొచ్చేవాటికి మాత్రం ఈ వరస వర్తించదు. చెమ్మ స్విచ్‌బోర్డును తాకినా, ముట్టుకుంటే షాక్ కొట్టినా మెయిన్ ఆపేసి అప్పుడే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఓనరు అనుమతి కోసం ఒక్క రాత్రి కూడా ఆగొద్దు. ముందు ఫోటో, తర్వాత పని, ఆ వెంటనే బిల్లుతో మెసేజ్. శ్లాబులో ఇనుము తేలి పెచ్చులు పెద్దగా రాలుతుంటే ఆ గదిలో పిల్లల్ని పడుకోబెట్టకండి. కూలే ప్రమాదమున్న కట్టడాలకు నోటీసిచ్చే అధికారం 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ చట్టం కమిషనర్‌కు ఇచ్చింది. అయితే ఆ ఫిర్యాదు వల్ల ఇల్లు ఖాళీ చేయమని మీకే చెప్పే అవకాశం కూడా ఉంది. వేరే చోటు చూసుకునే ఫిర్యాదు చేయాలి.

కోర్టు సంగతి దాచకుండా చెప్పాలి. హైదరాబాద్‌లో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉంది, రెంట్ కంట్రోలర్ ఉన్నారు. కానీ 2005 సవరణతో కార్పొరేషన్ ప్రాంతాల్లో నెలకు 3,500 రూపాయలకు మించిన అద్దె ఇళ్లు ఆ చట్టం బయటికి వెళ్లిపోయాయి. ఈనాడు ఆ అద్దెకు ఫ్లాటు ఎక్కడ దొరుకుతుంది? సామాన్య అద్దెదారుకు రక్షణగా పుట్టిన చట్టం సామాన్యుడికే అందకుండా పోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఇక మిగిలేది సివిల్ కోర్టు. పదివేల రిపేరు కోసం అంత దూరం వెళ్లేవాళ్లు అరుదు. అంతకంటే దగ్గరి దారి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, ఫోన్ 15100. కేసు వేయకముందే ఇద్దర్నీ పిలిచి మాట్లాడించమని అక్కడ అర్జీ పెట్టుకోవచ్చు. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా న్యాయసహాయం ఉచితం. చెన్నైలో ఉండే తెలుగువాళ్లకు దారి కొంత నయం. తమిళనాడు 2019 నుంచి కొత్త అద్దె చట్టం అమలు చేస్తోంది, ఒప్పందాలు నమోదు చేసే రెంట్ అథారిటీ అక్కడ ఉంది.

రాసి అడిగినందుకు ఓనరు కక్షగట్టి తాళం వేస్తే, చట్టప్రకారం కాకుండా ఇంట్లోంచి వెళ్లగొట్టబడినవారు ఆరు నెలల్లోపు దావా వేసి స్వాధీనం తిరిగి పొందొచ్చని 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ చెబుతుంది. 11 నెలలు ముగిశాక ఒప్పందం పొడిగించనంటే మాత్రం చేయగలిగింది తక్కువ. అలా వెళ్లాల్సి వస్తే అడ్వాన్సు దగ్గర ఇంకో పేచీ ఎదురవుతుంది. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగుకని ఒక నెల అద్దె కోసుకోవడం హైదరాబాద్‌లో వాడుకగా మారింది, అగ్రిమెంటులో రాసుంటే కాదనలేరు. కానీ సీపేజీ వల్ల పాడైన గోడను మీ వాడకం వల్ల పాడైనట్టు లెక్కగడితే ఒప్పుకోనక్కర్లేదు. మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడని అదే 108వ సెక్షన్ చెబుతోంది. ఇంట్లో దిగిన రోజున ప్రతి గదినీ వీడియో తీసి ఓనరుకు పంపి ఉంటే, నెలనెలా పంపిన చెమ్మ ఫోటోలు దానికి తోడైతే, ఏ మరక ఎప్పుడు, దేనివల్ల వచ్చిందో ఆయన ఫోన్లోనే తేదీలతో సహా ఉంటుంది.