రెండో ఇన్‌హేలర్ వెంటనే ఎందుకు పనిచేయదు? కణం లోపల స్టెరాయిడ్ చేసే ప్రయాణం

పిల్లాడికి ఆస్తమా అని డాక్టర్ రెండు ఇన్‌హేలర్లు రాస్తారు. ఒకటి ఆయాసం వచ్చినప్పుడు వాడేది. పది నిమిషాల్లో ఊపిరి తేలికవుతుంది. రెండోది రోజూ క్రమం తప్పకుండా వాడమన్న స్టెరాయిడ్. నాలుగు రోజులు వాడినా తేడా తెలియదు. ఈలోగా వీడియో కాల్‌లో అమ్మమ్మ, "చంటివాడికి స్టెరాయిడ్లేంటే తల్లీ!" అంటుంది. ఐదో రోజుకల్లా ఆ ఇన్‌హేలర్ అల్మారాలోకి వెళ్లిపోతుంది. మనలో చాలా ఇళ్లలో జరిగేదే ఇది.

నిజానికి ఆ మందు పనిచేయక కాదు, అది పనిచేసే చోటు వేరు.

మొదటి ఇన్‌హేలర్‌లో సాధారణంగా ఉండే మందును అమెరికాలో ఆల్బ్యుటెరాల్ అంటారు, ఇండియాలో సాల్బ్యుటమాల్ అంటారు. రెండూ ఒకటే. దాన్ని అందుకునే రిసెప్టర్ ప్రోటీన్ కణం పైపొర మీదే ఉంటుంది. గుమ్మం దగ్గర కాలింగ్ బెల్ నొక్కినట్టు, బయటి నుంచే పని అయిపోతుంది. బిగుసుకున్న శ్వాసనాళం కండరం వదులవుతుంది.

స్టెరాయిడ్ దారి వేరు. మన అడ్రినల్ గ్రంథులు తయారుచేసే కార్టిసాల్ హార్మోన్‌కు ఇది దగ్గరి చుట్టం. చిన్న అణువు, కొవ్వులో కరుగుతుంది కాబట్టి కణం పొరను సులువుగా దాటేస్తుంది. దాన్ని అందుకునే గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్ కణం లోపలే, కేంద్రకం బయట ఎదురుచూస్తూ ఉంటుంది. 777 అమైనో ఆమ్లాల పెద్ద ప్రోటీన్ అది. హెచ్‌ఎస్‌పీ 90 అనే తోడు ప్రోటీన్ దాన్ని హార్మోన్ అందుకోవడానికి సిద్ధంగా పట్టుకుని ఉంచుతుంది.

హార్మోన్ వచ్చి అతుక్కోగానే రిసెప్టర్ ఆకారం మారుతుంది. అప్పటిదాకా మరుగున ఉన్న ఒక చిన్న భాగం బయటపడుతుంది. అదే దాని వీసా స్టాంపు: "నేను కేంద్రకంలోకి వెళ్లాలి" అని చెప్పే గుర్తు. ప్రోటీన్లు ఎక్కడికి వెళ్లాలో చెప్పే చిరునామా వాటిలోనే రాసి ఉంటుందని కనుగొన్నందుకే గుంటర్ బ్లోబెల్‌కు 1999లో నోబెల్ బహుమతి వచ్చింది.

కేంద్రకం చుట్టూ ఉన్న పొరలో వేల రంధ్రాలుంటాయి. చిన్న అణువులు వాటిలోంచి స్వేచ్ఛగా వెళ్తాయి కానీ, ఇంత పెద్ద ప్రోటీన్‌ను ఊరికే పోనివ్వవు. ఇంపోర్టిన్ అనే ప్రోటీన్లు ఆ స్టాంపును గుర్తించి, రిసెప్టర్‌ను వెంటబెట్టుకుని రంధ్రం దాటిస్తాయి. లోపలికి చేరాక రాన్ అనే మరో చిన్న ప్రోటీన్ ఇంపోర్టిన్‌ను పట్టుకోవడంతో రిసెప్టర్ విడుదలవుతుంది. ఇంపోర్టిన్ మళ్లీ బయటికి వచ్చేస్తుంది. ల్యాబ్‌లో రిసెప్టర్‌కు మెరిసే రంగు తగిలించి చూస్తే, హార్మోన్ వేసిన అరగంటలో దాదాపు అన్నీ కేంద్రకంలోకి చేరడం కనిపిస్తుంది.

మరి రోజులెందుకు పడుతుంది? అసలు పని అక్కడే మొదలవుతుంది కాబట్టి. రిసెప్టర్ డీఎన్‌ఏ మీద కూర్చుని వాపు తెచ్చే జన్యువులను తగ్గిస్తుంది, వాపును అణిచే జన్యువులను పెంచుతుంది. కొత్త ప్రోటీన్లు తయారవ్వాలి, ఉన్న పాతవి అరిగిపోవాలి. దానికి గంటలు పడుతుంది. శ్వాసనాళాల్లో ఎన్నాళ్లుగానో ఉన్న వాపు తీయడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది.

అన్ని హార్మోన్ రిసెప్టర్లూ ఇలా బయట కాచుకుని ఉండవు. ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ఎక్కువగా ముందే కేంద్రకంలో ఉంటుంది. రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే టామాక్సిఫెన్ అక్కడికే వెళ్లి దానికి అతుక్కుని, ఆ కణాలు పెరగకుండా అడ్డుకుంటుంది. ఇన్సులిన్ రిసెప్టర్ మాత్రం కణం పైపొర మీదే ఉంటుంది.

ఇక పెద్దవాళ్ల సంగతి. ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నల బ్యాగుల్లో కీళ్లవాతానికో, ఊపిరితిత్తులకో వాడే ప్రెడ్నిసొలోన్ మాత్రలుంటాయి. అమెరికా డాక్టర్లు ఎక్కువగా ప్రెడ్నిసోన్ రాస్తారు. కాలేయం దాన్ని ప్రెడ్నిసొలోన్‌గానే మారుస్తుంది. పేరు వేరని రెండూ కలిపి వేసుకోకూడదు. మాత్రలు అయిపోయాయని ఒక్కసారిగా మానేయనూ కూడదు. ఎందుకంటే ఇదే రిసెప్టర్ మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ కణాల కేంద్రకాల్లోకీ వెళ్లి, అడ్రినల్ గ్రంథులను పనిచేయమని చెప్పే హార్మోన్ జన్యువును అణిచివేస్తుంది. వారాల తరబడి వాడితే ఆ గ్రంథులు నిద్రపోతాయి. హఠాత్తుగా మందు ఆపితే ఒంట్లో సొంత కార్టిసాల్ ఉండదు. నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణాపాయం కూడా. అందుకే డాక్టర్ చెప్పినట్టు డోసు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ప్రయాణానికి ముందే సరిపడా మాత్రలు, ప్రిస్క్రిప్షన్ కాపీ పెట్టించండి.

పిల్లాడి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ విషయానికొస్తే, నేరుగా ఊపిరితిత్తులకే వెళ్తుంది కాబట్టి డోసు మాత్రల కంటే చాలా తక్కువ. వాడాక నోరు పుక్కిలించి ఉమ్మేయమనండి, నోట్లో ఫంగస్ పట్టకుండా ఉంటుంది. అనుమానాలుంటే డాక్టర్‌ని అడగండి, మీ అంతట మీరు ఆపకండి. అమ్మమ్మ మళ్లీ అడిగితే చెప్పండి: ఆ మందు గుమ్మం దగ్గర ఆగేది కాదు, ఇంట్లోకి వెళ్లి పనిచేసేది, కాస్త టైమ్ ఇవ్వాలని.