వాయిదాల భారం.. వేలం భయం

భాలుబాసా (జంషెడ్‌పూర్): బ్యాంకు అప్పుతో ఇల్లు కట్టుకున్న వేతనజీవికి ముప్పు రెండు వైపుల నుంచి వస్తుంది. ఒకటి ఉపాధిలో ఒడిదుడుకులు, రెండవది వడ్డీరేట్ల పెరుగుదల. ఈ రెండూ ఏకమైనప్పుడు ఇల్లు దక్కడమన్నది రుణగ్రహీత ఎంత త్వరగా బ్యాంకును ఆశ్రయిస్తాడన్న దానిపైనే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

భాలుబాసా ఉన్న జంషెడ్‌పూర్ కర్మాగారాలను నమ్ముకుని బతికే నగరం. 2019లో దేశమంతటా వాహనాల విక్రయాలు పడిపోయినప్పుడు ఇక్కడి టాటా మోటార్స్ కర్మాగారం పలు విడతలుగా ఉత్పత్తిని నిలిపివేసింది. పొరుగున ఆదిత్యపూర్‌లో విడిభాగాలు తయారుచేసే చిన్న పరిశ్రమలు దెబ్బతినగా, ఒప్పంద కార్మికులు పనులు కోల్పోయారు. పని ఆగినా నెలసరి వాయిదా ఆగదు. కరోనా కాలంలో, 2020 మార్చి నుంచి ఆగస్టు వరకు వాయిదాల చెల్లింపుపై రిజర్వు బ్యాంకు వెసులుబాటు కల్పించినా, ఆ కాలానికి వడ్డీ మాత్రం రుణఖాతాలో చేరుతూనే వచ్చింది.

ఆ తర్వాత 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో రేటు 4 శాతం నుంచి 6.5 శాతానికి పెరిగింది. ఇరవై ఏళ్ల గడువుపై తీసుకున్న 20 లక్షల రూపాయల రుణానికి 7 శాతం వడ్డీపై వాయిదా సుమారు 15,500 రూపాయలు. అదే 9.5 శాతమైతే సుమారు 18,600 రూపాయలు. రుణం కొత్తదైతే పెరిగిన రేటుపై మొదటి నెల వడ్డీయే 15,833 రూపాయలవుతుంది. అంటే పాత వాయిదా వడ్డీకి సైతం చాలదన్నమాట. ఈ నేపథ్యంలో వాయిదా పెంపు, గడువు పొడిగింపు, స్థిర వడ్డీకి మారడం వంటి అవకాశాలను రుణగ్రహీతల ముందుంచాలని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది.

అయితే బకాయి 90 రోజులు దాటితే ఖాతా నిరర్థక ఆస్తిగా మారుతుంది. అటుపై 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద కోర్టుకు వెళ్లకుండానే ఇంటిని స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకుకు లభిస్తుంది. ముందుగా 60 రోజుల నోటీసు ఇవ్వడం తప్పనిసరి. దానిపై రుణగ్రహీత అభ్యంతరం తెలిపితే, బ్యాంకు 15 రోజుల్లో సమాధానం చెప్పాలి. స్వాధీనం చేసుకుంటే 45 రోజుల లోపు రుణ వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. అందుకు బకాయిలో 75 శాతం ముందుగా చెల్లించాలన్న నిబంధనను సుప్రీంకోర్టు 2004లో కొట్టివేసింది. కాగా, 2016 నాటి సవరణ అనంతరం బకాయి మొత్తం చెల్లించి ఇంటిని విడిపించుకునే హక్కు వేలం ప్రకటన వెలువడేంత వరకే పరిమితమైంది.

నోటీసు అందిన తర్వాత మౌనంగా ఉండేవారికి ఈ గడువులు ఒక్కొక్కటిగా చేజారిపోతాయి. ఆదాయం తగ్గిన నెలలోనే వేతన పత్రాలతో బ్యాంకుకు లిఖితపూర్వకంగా దరఖాస్తు చేసుకుంటే, గడువు పొడిగింపునకు అవకాశం ఎక్కువ.

ఈపాటి రక్షణ కూడా భూమి పత్రాలు ఉన్నవారికే. జంషెడ్‌పూర్‌లో 86 బస్తీల వాసులు చాలాకాలంగా యాజమాన్య హక్కు కోరుతూ వచ్చారు. పట్టా లేని ఇంటిపై బ్యాంకు అప్పు పుట్టదు. అటువంటివారు అవసరానికి వడ్డీ వ్యాపారిని ఆశ్రయిస్తే, అక్కడ 60 రోజుల నోటీసూ ఉండదు, ట్రిబ్యునలూ ఉండదు.