హోంగార్డు అంటే ఎవరు?

సికింద్రాబాద్‌లో రైలు దిగితే స్టేషన్ బయట, ప్యాట్నీ దగ్గర, ప్యారడైజ్ దగ్గర ఎండలో నిలబడి చెయ్యి చూపించి బండ్లను ఆపేవాళ్ళు కనిపిస్తారు. ఖాకీ డ్రెస్సు చూసి అందరూ పోలీసులే అనుకుంటాం. కాని వాళ్ళలో హోంగార్డులు కూడా ఉంటారు. మన హాస్టల్లో కొందరు "హోంగార్డుగా చేరితే గవర్నమెంటు ఉద్యోగం వచ్చినట్టే" అంటున్నారు. అది నిజమా కాదా అని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆ పేరు ఎక్కడిది?

రెండో ప్రపంచ యుద్ధంలో, 1940లో, ఇంగ్లండులో మామూలు జనం తమ పనులు చేసుకుంటూనే ఊరికి కాపలా కాశారు. ఆ దళం పేరే హోంగార్డు. మన దేశంలో మొదటి దళం బొంబాయిలో 1946 డిసెంబరు 6న పుట్టింది. అప్పుడు మత కల్లోలాలు జరుగుతుంటే పోలీసులకు తోడు కావలసి వచ్చింది. అందుకే ఏటా ఆ రోజున హోంగార్డుల దినోత్సవం చేస్తారు. 1948లో మద్రాసు రాష్ట్రంలో హోంగార్డుల చట్టం చేశారు. ఆంధ్ర ప్రాంతం అప్పుడు అందులోనే ఉండేది. తర్వాత ఆ చట్టమే తెలంగాణకూ వచ్చింది. 1962లో చైనా యుద్ధం అయ్యాక కేంద్రం అన్ని రాష్ట్రాలనూ ఒకే తీరుగా హోంగార్డు దళాలు పెట్టుకోమంది.

అసలు ఆలోచన ఏమిటి?

దుకాణం నడిపేవాడు, గుమాస్తా, మేస్త్రీ ఎవరైనా సరే, తీరిక వేళ డ్రిల్లు నేర్చుకోవాలి. వరదలొచ్చినా, ఎన్నికలొచ్చినా, మహంకాళి బోనాల వంటి జాతర వచ్చినా పిలిస్తే రావాలి. పని అయిపోగానే ఇంటికి పోవాలి. వాళ్ళ నినాదం "నిష్కామ సేవ". డ్యూటీకి పిలిచినప్పుడు పోలీసుకున్న అధికారాలే హోంగార్డుకూ ఉంటాయి.

ఇప్పుడు ఎలా ఉంది?

ఇప్పుడు చాలామందికి ఇదే బతుకుదెరువు. పొద్దున వెళితే రాత్రికే ఇంటికి. అయినా కాగితం మీద వాళ్ళు స్వచ్ఛంద సేవకులే. వచ్చేది జీతం కాదు, రోజు లెక్కన ఇచ్చే డ్యూటీ భత్యం. 2015లో సుప్రీంకోర్టు ఏమందంటే, వీళ్ళను పర్మినెంటు చేయమని చెప్పలేం గాని, 30 రోజుల భత్యం కలిపితే పోలీసుకు వచ్చే కనీస జీతమంత ఉండాలి. తెలంగాణలో 2025 జనవరి నుంచి రోజు భత్యం 921 రూపాయల నుంచి 1000 రూపాయలు అయ్యింది.

మనం ఏం తెలుసుకోవాలి?

హోంగార్డు పని చిన్నది కాదు. కాని అది పర్మినెంటు ఉద్యోగం కాదు. కానిస్టేబుల్ ఉద్యోగాల్లో హోంగార్డులకు కొంత వాటా ఉంది. దానికీ పరీక్ష రాయాలి, పరుగులో నెగ్గాలి. కాబట్టి పోలీసు కావాలనుకునేవాళ్ళు చదువు మధ్యలో ఆపొద్దు. రోడ్డు మీద హోంగార్డు చెయ్యి అడ్డం పెడితే మాత్రం ఆగుదాం, "అన్నా", "అక్కా" అని మర్యాదగా మాట్లాడదాం. మన ఊళ్ళలోంచి, తండాల్లోంచి పోయి అక్కడ నిలబడ్డవాళ్ళూ ఉన్నారు.

— 9వ తరగతి విద్యార్థి