ఇన్సులిన్ గ్రాహకం – కంచంలోని ధాన్యం

హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరిశీలించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు అధికంగా ఉన్నట్లు గుర్తించారు. కొండాపూర్, మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలలో రోజంతా కూర్చొని పనిచేసేవారు ఈ ఫలితాన్ని తేలికగా తీసుకోరాదు. ఈ స్థితికీ ఇన్సులిన్ గ్రాహకానికీ దగ్గరి సంబంధం ఉంది.

ఇన్సులిన్ గ్రాహకం కణపొరలో అమరి ఉండే మాంసకృత్తు. దీనిలో రెండు ఆల్ఫా, రెండు బీటా ఉపభాగాలుంటాయి. కణం వెలుపల ఉండే ఆల్ఫా భాగాలు రక్తంలోని ఇన్సులిన్‌ను పట్టుకుంటాయి. అంతట పొరను దాటి లోపలికి సాగిన బీటా భాగాలలోని టైరోసిన్ కైనేజ్ ఎంజైము ఉత్తేజితమై కణంలోనికి సంకేతం పంపుతుంది. ఫలితంగా కండర, కొవ్వు కణాలలో గ్లూట్-4 అనే రవాణా మాంసకృత్తు పొర వద్దకు చేరి గ్లూకోజును లోనికి చేరవేస్తుంది. కాలేయంలో ఇదే సంకేతం గ్లూకోజు తయారీని తగ్గించి గ్లైకోజెన్ నిల్వను పెంచుతుంది.

కండరాలలో, కాలేయంలో కొవ్వు పేరుకొన్నపుడు గ్రాహకం నుండి సాగే సంకేతం మందగిస్తుంది. ఇదే ఇన్సులిన్ నిరోధకత. క్లోమం మరింత ఇన్సులిన్‌ను స్రవించి లోటును పూడుస్తుంది కనుక రక్తంలో చక్కెర చాలాకాలం సాధారణంగానే కనిపించవచ్చు. క్లోమానికి ఆ శక్తి తగ్గినపుడు మధుమేహం బయటపడుతుంది.

నడిచేటపుడు సంకోచించే కండరం ఇన్సులిన్ సంకేతం లేకున్నా గ్లూట్-4ను పొర వద్దకు రప్పించుకోగలదు. అందువల్లనే నిరోధకత ఉన్నవారికి సైతం భోజనానంతరపు నడక మేలు చేస్తుంది.

రెండవ ఉపాయం ధాన్యంలో ఉంది. ఎం.టి.యు. 1010, జె.జి.ఎల్. 3855 రకాల సంకరం ద్వారా రాజేంద్రనగర్‌లో రూపొంది 2015లో విడుదలైన తెలంగాణ సోనా (ఆర్.ఎన్.ఆర్. 15048) సన్నరకం గ్లైసీమిక్ సూచిక సుమారు 51. సూచిక 55కు మించని ఆహారాన్ని తక్కువ సూచిక గలదిగా పరిగణిస్తారు. అట్టి అన్నం తిన్నపుడు రక్తంలో గ్లూకోజు నెమ్మదిగా పెరిగి, క్లోమంపై భారం తగ్గుతుంది. అయితే సూచిక తక్కువన్న ధీమాతో అన్నం మోతాదు పెంచరాదు. పప్పు, ఆకుకూరలు తగినంతగా తీసుకోవాలి.

ఈ ధాన్యం మిల్లులో ఇతర సన్నాలతో కలిసిపోతే ఆ గుణం వినియోగదారునికి దక్కదు, రైతుకూ తగిన ధర రాదు. కనుక రైతు ఉత్పత్తిదారుల సంఘాలు ఈ రకాన్ని విడిగా సేకరించి, విడిగా మర పట్టించి, రకం పేరుతోనే విక్రయించడం శ్రేయస్కరం.