మీకు తెలుసా? గోదావరి పోసిన నేల

గోదావరి పుట్టిన త్ర్యంబకేశ్వరం నుంచి అరేబియా సముద్రం 80 కిలోమీటర్లే. అయినా నేల వాలు తూర్పుకు ఉండడంతో ఆ దగ్గరి దారి వదిలేసి, 1,465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఇంత దూరం వచ్చేది నీళ్లొక్కటే కాదు. మరాఠ్వాడా నల్లరేగడి, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి మోసుకొచ్చిన అడవుల మట్టి, అన్నీ కలిసి ధవళేశ్వరం దిగువకు చేరతాయి. కోనసీమ అని మనం మురిసిపోయేది ఆ మట్టిని చూసే.

కొల్లేరు దగ్గర సముద్రం

ఇవాళ కొల్లేరు నుంచి సముద్రం చూడాలంటే 30 కిలోమీటర్ల పైన వెళ్లాలి. కొన్ని వేల ఏళ్ల కిందట ఆ శ్రమ ఉండేది కాదు, సముద్రమే అక్కడిదాకా ఉండేది. ఇటు కృష్ణ, అటు గోదావరి పోటీపడి మట్టి పోస్తూ తీరాన్ని ముందుకు జరుపుకుపోయాయి. రెండు డెల్టాల నడుమ పూడకుండా మిగిలిన పల్లమే కొల్లేరు. సముద్రంతో దానికి ఇప్పటికీ తెగని చుట్టరికం ఉప్పుటేరు ఒక్కటే.

ఈ సంగతి చెప్పింది ఇసుక దిబ్బలు. తీరం ఏ కాలంలో ఎక్కడ ఆగితే అక్కడ అలలు ఇసుకను వరుసగా పేర్చి పోయాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు ఉపగ్రహ చిత్రాల్లో ఆ వరుసలను పట్టుకుని పాత తీరాలను గీయగలిగారు. మనకైతే ఉపగ్రహం కూడా అక్కర్లేదు, బస్సు కిటికీ చాలు. వరిచేలు సాగి సాగి ఉన్నట్టుండి కాస్త మెరక తగులుతుంది. కొబ్బరి, జీడిమామిడి, సరుగుడు కనిపిస్తాయి, వాటి నీడన ఊరు. మెరక దిగగానే మళ్లీ వరి. అలాంటి ఊరు చాలాసార్లు ఒకనాటి సముద్రపు ఒడ్డు మీద వెలసిందే. నుయ్యి తవ్వితే ఇసుక పడుతుంది, వరదొస్తే చుట్టుపక్కల వాళ్లకంటే కాస్త ధీమాగా ఉంటుంది. పూర్వం అక్కడ ఇల్లు కట్టిన వాళ్లకి డెల్టా శాస్త్రం తెలియకపోవచ్చు, మెరక విలువ బాగా తెలుసు.

పాయలు ఏడా, మూడా?

పటం చూస్తే ధవళేశ్వరం దిగువన పెద్ద పాయలు మూడే. ఎడమకు గౌతమి, కుడికి వసిష్ఠ, వసిష్ఠలోంచి చీలిన వైనతేయ. ఊళ్లో పెద్దవాళ్లను అడిగితే మాత్రం ఏడు చెబుతారు: తుల్యభాగ, ఆత్రేయ, భరద్వాజ, గౌతమి, వృద్ధ గౌతమి, కౌశిక, వసిష్ఠ. తమాషా ఏమిటంటే, ఇవాళ నిండుగా పారే వైనతేయ ఆ ఏడింటిలో లేదు. ఉన్నవాటిలో తుల్యభాగ ఇప్పుడు చాలామేర మురుగుకాల్వ. డెల్టాలో నదికి దారి మార్చుకునే అలవాటు ఉంది. ఒక పాయను పూడ్చుకుని ఇంకో పాయలో పడుతుంది. కాబట్టి ఏడు పాయల లెక్కను వట్టి పురాణమని తీసిపారేయకుండా, నీరు ఒకప్పుడు నడిచిన దారుల జ్ఞాపకంగా చూడడమే నాకు సబబనిపిస్తుంది.

ఆ జ్ఞాపకం పుస్తకాల్లో కంటే కాళ్లలో ఎక్కువగా ఉంది. పుష్య అమావాస్యనాడు చొల్లంగిలో తుల్యభాగ సముద్రంలో కలిసే చోట స్నానంతో మొదలుపెట్టి, ఒక్కో సంగమం దగ్గర మునుగుతూ, మాఘంలో భీష్మ ఏకాదశికి అంతర్వేది చేరే సప్తసాగర యాత్ర అలాంటిదే. డెల్టా అంచంతా నడిచి చూసుకోవడమన్నమాట.

కౌశిక సంగతి ఇంకా బాగుంటుంది. కనుమ రోజు అంబాజీపేట దగ్గర మొసలపల్లి జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతుంది. పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు ప్రభల మీద అక్కడికి వస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలకు దారిలో కౌశిక అడ్డం వస్తుంది. ఎత్తయిన వెదురు ప్రభ, దానికి రంగురంగుల బట్టలు, గంటలు. ఇంత బరువునూ భుజాన ఎత్తుకుని, ఒరగకుండా తాళ్లతో నిలబెట్టుకుంటూ, "అశ్శరభ శరభ" అని అరుస్తూ జనం నీళ్లలోకి దిగుతారు. గుండెల దాకా నీరు, కాళ్ల కింద జారే బురద. ఒడ్డునున్న వాళ్లు ఊపిరి బిగబట్టి చూస్తుంటారు. ఒడ్డెక్కాక దారి చుట్టూ తిరగరు, అడ్డంగా నాట్లు వేసిన చేలల్లోంచే పోతారు. చేను తొక్కినందుకు రైతు తగువుకు రాడు సరికదా, దేవుడు తన మడిలోంచి వెళ్లాడని పొంగిపోతాడు. 2023 గణతంత్ర దినోత్సవంలో ఢిల్లీ వీధుల్లో ఆంధ్రప్రదేశ్ శకటంగా వెళ్లింది ఈ ప్రభల తీర్థమే. పాపం, అక్కడ దాటడానికి కౌశిక లేదు.

అంకెల్లో వరద

నది మధ్య మేట వేసిన నేల లంక. ఒండ్రు బలానికి అక్కడ అరటి, కంద, కూరగాయలు ఇట్టే వస్తాయి. వచ్చిన దారినే పోవడం కూడా ఆ నేలకు అలవాటే. గట్టు విరిగి కొబ్బరిచెట్లతో సహా ఏట్లో పడితే, రైతు దగ్గర పాసుపుస్తకం ఉంటుంది, పొలం ఉండదు. అవతలి ఒడ్డున కొత్త మేట లేస్తే అది ఎవరిదన్న తగువు మొదలవుతుంది.

లంకల్లో వరద ఒక అంకె. భద్రాచలంలో 43 అడుగులు మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర అవే హెచ్చరికలు 11.75, 13.75, 17.75 అడుగులు. భద్రాచలం అంకె చెవిన పడగానే లంకలో ఆవులు గట్టెక్కుతాయి, మంచాలు అటకెక్కుతాయి, నాటుపడవకు తాడు సరిచూస్తారు. ఆ నీరు తమదాకా రావడానికి ఇంకా వ్యవధి ఉందని వాళ్లకు తెలుసు, ఎంత వ్యవధో కూడా తెలుసు. అన్ని వరదలకూ కొలబద్ద మాత్రం 1986 ఆగస్టు. అప్పుడు భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, ధవళేశ్వరంలో 35 లక్షల క్యూసెక్కుల పైమాట. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు కూడా లంకల్లో మొదటి ప్రశ్న, "ఎనభయ్యారంత వస్తుందంటావా?" అనే.

ఏటి మీద కాల్వ

1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గురించి, కాటన్ దొర గురించి మనవాళ్లకు కొత్తగా చెప్పేదేమీ లేదు. తక్కువమంది తలచుకునే సంగతి ఒకటుంది. లోతు అంతుచిక్కని ఇసుకలో పునాది ఎలా నిలబెట్టాలో తాను కావేరి మీది కల్లణై కట్టిన పాతకాలపు తమిళుల పని చూసి నేర్చుకున్నానని ఆయనే ఒప్పుకున్నాడు.

ఆనకట్ట నీరు వైనతేయకు అవతల ఉన్న లంకకు వెళ్లాలంటే నదిని దాటాలి. అందుకే పి.గన్నవరం దగ్గర కింద నది, పైన పంటకాల్వ పారేలా అక్విడెక్టు కట్టారు. పాతదాని పక్కనే తర్వాత కట్టిన కొత్త అక్విడెక్టుకు పెట్టిన పేరు ఏ మంత్రిదో ఇంజనీరుదో కాదు, డొక్కా సీతమ్మగారిది. లంకల గన్నవరంలో ఆవిడ వేళాపాళా చూడకుండా వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టారు. రేవు దాటడానికి పడవ కోసం కాచుకునే ఆ రోజుల్లో ఏటి ఒడ్డున వేడన్నం దొరకడం చిన్న విషయం కాదు. ప్రభుత్వాలు పెట్టే పేర్లలో ఇంత అతికినట్టున్న పేరు నాకు ఇంకోటి తోచదు.

మట్టి మూసేసిన రేవు

గౌతమి మొగ దగ్గర కోరంగి ఒకప్పుడు పేరుమోసిన రేవు, ఓడలు కట్టిన ఊరు. ఇక్కడి నుంచి బర్మా వెళ్లిన తెలుగు కూలీలను అక్కడ కోరంగీలనే పిలిచేవారు. 1839 తుఫాను దాన్ని తుడిచిపెట్టింది. మిగిలిన పని గోదావరి మట్టి చేసింది. రేవు పూడిపోయి వ్యాపారం కాకినాడకు తరలింది. ఇప్పుడక్కడ మడ అడవి ఉంది, వన్యప్రాణి సంరక్షణ కేంద్రం ఉంది. పక్కనే యానాం 1954 దాకా ఫ్రెంచివారిది, నేటికీ పుదుచ్చేరి పాలనలోదే.

మట్టి రాకపోతే?

ఇన్ని వేల ఏళ్లు డెల్టా ముందుకే పెరిగింది. ఇప్పుడు లెక్క తిరగబడింది. మహారాష్ట్ర, తెలంగాణల్లో నది మీదా ఉపనదుల మీదా కట్టిన జలాశయాల్లో ఒండ్రు ఆగిపోతోంది. 2004లో కరెంట్ సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, ధవళేశ్వరం చేరే ఒండ్రు 1970లలో ఉన్నదానితో పోలిస్తే 1990ల నాటికి మూడోవంతు దగ్గరకు పడిపోయింది. పైనుంచి పోసేది తగ్గినా సముద్రం కోసేది తగ్గించదు. అందుకే డెల్టా అంచున చాలాచోట్ల తీరం వెనక్కి వస్తోంది. ఎగువన ప్రాజెక్టు కట్టేటప్పుడు ముంపు ఊళ్ల జాబితా తయారవుతుంది, పరిహారం మీద వాదనలు జరుగుతాయి. దిగువన కోసుకుపోయే ఊరు ఆ జాబితాలోకి ఎక్కిన దాఖలా లేదు. నన్నడిగితే ఎక్కించాలి.

కాకినాడకు ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ కూడా నది ఇచ్చిన ఇసుకే. గత రెండు వందల ఏళ్లలో పెరిగిన పొడవాటి ఇసుక తిన్నె అది. తుఫాను అలలను అదే ముందు కాచుకుంటుంది కాబట్టి దాని చాటున కాకినాడ రేవు నిమ్మళంగా ఉంది. తీరం వెంబడి ఉత్తరానికి జరిగే ఇసుక మాత్రం ఆ తిన్నె దగ్గరే చాలావరకు చిక్కుకుంటుంది. దానికి ఉత్తరాన ఉన్న జామ్దానీ చీరల ఉప్పాడలో ఇళ్లు, గుళ్లు, రోడ్డు ముక్కలు ముక్కలుగా సముద్రంలో కలిసిపోతున్నాయి. బండరాళ్లు పోశారు, ఇసుక నింపిన పెద్ద గొట్టాలు వేశారు, అయినా తుఫాను వచ్చినప్పుడల్లా బీచ్ రోడ్డు మూసేయాల్సి వస్తోంది. కాకినాడ నుంచి ఉప్పాడ 20 కిలోమీటర్ల లోపే.