తాళం ఇచ్చాక బాధ్యత ఎవరిది?

హోటల్ ముందు కారు ఆగీ ఆగగానే యూనిఫాం వేసుకున్న కుర్రాడు పరుగెత్తుకొస్తాడు. తాళం తీసుకుని చేతిలో చిన్న టోకెన్ పెడతాడు. దాని వెనక సన్నటి అక్షరాల్లో ఏం రాసుందో చదివేవారు నూటికి ఒక్కరుంటే గొప్ప. ‘కారు పోయినా, పాడైనా యాజమాన్యానికి బాధ్యత లేదు’... ఎక్కడికెళ్లినా ఇంచుమించు ఇదే మాట. భోజనం ముగించి వచ్చేసరికి బంపర్ నొక్కుకుపోయి ఉంటే, సిబ్బంది ఆ టోకెన్‌నే తిప్పి చూపిస్తారు. చాలామంది తిట్టుకుంటూ ఇంటికెళ్లిపోతారు.

అలా వెళ్లిపోనక్కర్లేదు!

1998 ఆగస్టు 1. రాత్రి 11 గంటల వేళ ఢిల్లీలోని తాజ్ మహల్ హోటల్‌కు ఒకాయన మారుతి జెన్‌లో వచ్చారు. తాళం వాలెట్‌కి ఇచ్చి టోకెన్ తీసుకున్నారు. ఒంటిగంటకు బయటికొస్తే కారు లేదు. వేరే కారులో వచ్చిన ముగ్గురు కుర్రాళ్లలో ఒకడు డెస్క్ మీదున్న ఈయన తాళం తీసుకుని, గార్డు స్లిప్ అడుగుతున్నా ఆగకుండా కారుతో ఉడాయించాడు. బీమా సంస్థ 2.80 లక్షల రూపాయలు చెల్లించింది. తర్వాత సంస్థా, యజమానీ కలిసి హోటల్ మీద కేసు వేశారు. టోకెన్ మీద ముందే రాశామంది హోటల్. 2019 నవంబరులో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. అంటే తేలడానికి 21 ఏళ్లు!

తీర్పుకి ఆధారం 1872 నాటి కాంట్రాక్టు చట్టం. మెరుగు పెట్టమని కంసాలికి గొలుసిస్తే, తిరిగి ఇచ్చేదాకా దాన్ని తన సొంత సొమ్ములా కాపాడాల్సింది ఆయనే. కారు తాళమూ అంతే. వాలెట్ చేతిలో పడ్డాక, జాగ్రత్త తీసుకున్నామని నిరూపించుకోవాల్సింది హోటలే. తన సిబ్బంది నిర్లక్ష్యాన్ని టోకెన్ మీది షరతుతో కప్పిపుచ్చుకోవడం కుదరదు. ‘ఉచితంగా చేశాం’ అన్నా చెల్లలేదు. ఆ ఖర్చు బిల్లులో ఎలాగూ కలిసే ఉంటుంది కదా!

అలాగని ప్రతి నష్టానికీ హోటలే కట్టాలని కోర్టు అనలేదు. తగినంత జాగ్రత్త పడినట్టు రుజువు చేసుకుంటే బయటపడొచ్చు. ఎవరికి వారే కారు పెట్టుకుని తాళం జేబులో వేసుకుని వెళ్తే లెక్క వేరు, అక్కడ వాదన అంత తేలిక కాదు.

మరి పెళ్లికి వెళ్తే? హాలు అద్దె కట్టింది పెళ్లివారు కాబట్టి అతిథికి హక్కేంటన్న సందేహం సహజం. డబ్బు కట్టినవారి అనుమతితో సేవ పొందినవారూ వినియోగదారులే అంటోంది చట్టం. వాలెట్ పని వేరే ఏజెన్సీది అయితే ఫిర్యాదులో హాలునూ, ఏజెన్సీనీ ఇద్దరినీ చేర్చడం మంచిది.

ఇలాంటి కేసులు నిలిచేదీ, వీగేదీ సాక్ష్యం దగ్గరే. ‘ఆ గీత ముందే ఉంది’ అంటే చూపించడానికి ఏముంటుంది? అందుకే తాళం ఇచ్చేముందు కారు చుట్టూ తిరిగి సెల్‌ఫోన్‌తో వీడియో తీయాలి. పది సెకన్ల పని. వెనక హారన్లు మోగినా ఫర్వాలేదు. దెబ్బ కనిపిస్తే అక్కడినుంచి కదలకముందే మేనేజర్‌కి రాతపూర్వకంగా చెప్పాలి. సీసీ కెమెరా దృశ్యాలు భద్రపరచమని అందులోనే అడగాలి. టోకెన్ వెనక్కి ఇచ్చేముందు ఫొటో తీసుకోవాలి. తర్వాత షెడ్డులో మరమ్మతు అంచనా రాయించి, నోటీసు పంపాలి.

పలకకపోతే సలహాకి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. రెండేళ్లలోగా సొంత జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. చెల్లించిన సేవ విలువ 5 లక్షల లోపు కాబట్టి ఫీజు ఉండదు. ‘బీమా ఉందిగా’ అని చిన్న నొక్కుకి క్లెయిమ్ చేసేవారు మాత్రం ఒకసారి పాలసీ చూసుకోవాలి. ఎవరో చేసిన దెబ్బకి నో క్లెయిమ్ బోనస్ పోయేది వారిదే.